కుందేలు వండబోయే ముందు

చి. రవికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఆదివారం కుందేలు కూర చేస్తానన్నావట, మీ అమ్మ చెప్పింది. ఇంగ్లండులో, మీ యార్క్‌షైర్‌లో పక్క రైతు పొలంలో తుపాకీతో కొట్టినదే ఇస్తున్నాడట. నిన్నటిదాకా గుడ్డు ఉడకబెట్టడం రాని వెధవవి, ఇంత పనికి పూనుకున్నావంటే ముచ్చటేసింది. ఆ వెంటనే ఇంట్లో మూడేళ్ల పిల్లాడున్నాడని గుర్తొచ్చి గుండె గుభేలుమంది.

కొట్టిన వెంటనే పేగులు తీశాడో లేదో అడుగు. తియ్యకుండా ఉంచితే ఆ కంపు కండకి పట్టేస్తుంది. కాలేయం చూపించమను. ముదురు ఎరుపులో నున్నగా ఉండాలి, తెల్లటి చుక్కలుంటే మొహమాటపడకుండా వద్దను. కళ్లు వాచి చీము కారేది మిక్సమటోసిస్ తగిలినది. ఆ జబ్బు మనకి అంటదు గానీ, అది తినే సరుకు కాదు. కడిగేటప్పుడు చేతికి గ్లౌజులు వేసుకో.

నల్లగా కమిలిన చోటల్లా వేలితో తడిమి చూడు. సీసపు గుళ్లు బొచ్చుని కూడా లోపలికి లాక్కుపోతాయి. గుండు ఒక్కటే ఏరితే చాలదు, చుట్టూ కమిలిన కండ కూడా కోసి పారెయ్యి.

ఇక మనవాళ్లందరూ చేసే తప్పు. కోడిని కొట్టినట్టు కత్తితో టకటకా ముక్కలు కొట్టేస్తారు. కుందేలు ఎముక సన్నం, పెళుసు. కత్తి దెబ్బకి సూదుల్లా చీలుతుంది. ఆ పెచ్చులు మసాలాలో కలిసిపోతే కంటికి కనపడవు, పిల్లాడి గొంతులో గుచ్చుకుంటే తెలుస్తుంది. అందుకే కొట్టొద్దు, కీళ్ల దగ్గర విడదియ్యి. ముందుకాళ్లకి ఒంటితో ఎముక బంధం లేదు, భుజం కింద చాకు పోనిస్తే ఊడొస్తాయి. వెనకకాలిని బయటికి వంచితే తుంటి కీలు దగ్గర ఎముక గుండ్రటి తల బయటపడుతుంది, దాని చుట్టూ కొయ్యి. నడుం దగ్గర వెన్నెముకకి ఆనించి చాకు దింపితే రెండు పొడుగాటి కండలొస్తాయి. వాటి మీది తెల్లటి పొర ఒలిచెయ్యి, లేకపోతే ముడుచుకుపోతాయి. పక్కటెముకలు, మెడ కూరలో వెయ్యకు. విడిగా ఉడకబెట్టి, ఆ నీళ్లు వడగట్టి పోసుకో.

ఇలా విడదియ్యడంలో ఇంకో లాభం ఉంది. పరిగెత్తే జంతువు కనక వెనకకాళ్లు గట్టి, వాటికి గంటన్నర పైగా సన్నసెగ కావాలి. నడుం కండ మెత్తన, కొవ్వే ఉండదు. రెండూ ఒకేసారి వేస్తే కాళ్లు ఉడికేసరికి నడుం పీచైపోతుంది. మన కుక్కర్ విజిళ్ల లెక్క దీనికి పనికిరాదు.

కాళ్లూ నడుమూ రాత్రికి ఉప్పునీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టు, లీటరుకి రెండు పెద్ద చెంచాల ఉప్పు చాలు. పొద్దున కడిగి, తుడిచి, పెరుగు, పసుపు పట్టించి రెండు గంటలుంచు. తర్వాత కూరలో ఉప్పు మామూలులో సగమే వేసి, చివర్లో రుచి చూసుకో.

శుభ్రం చేశాక కుందేలు ఒక కిలో లోపే ఉంటుంది. దానికి నూనె ఐదు పెద్ద చెంచాలు పొయ్యి. పిసినారితనం చేస్తే కూర ఎండుతుంది. రెండు ఉల్లిపాయలు ఎర్రగా వేగాక అల్లంవెల్లుల్లి ముద్ద చెంచాన్నర, కారం రెండు చెంచాలు, ధనియాల పొడి చెంచా వెయ్యి. కాళ్లు వేసి, ఎముకల నీళ్లు మునిగేలా పోసి మూత పెట్టు. మాటిమాటికీ కలపకు. తొడ ఎముకని పట్టుకుని తిప్పితే కండ వదలాలి, అదే గుర్తు. అప్పుడు గసగసాలు, ఎండుకొబ్బరి ముద్ద కలిపి, నడుం కండని వేలెడు ముక్కలుగా కోసి వెయ్యి. ఇంకో పది నిమిషాలు మరిగితే చాలు. లోపల గులాబిరంగు మిగలకూడదు.

ఫొటో ఊళ్లో తమ్ముళ్లకి పంపి ఊరించకు. అక్కడ వేటాడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది, వాళ్లకసలే ఉత్సాహం ఎక్కువ.

బాబుకి నడుం ముక్కలే పెట్టు నాన్నా. వాటినీ నువ్వు వేళ్లతో చిదిమి చూశాకే.

మీ పెద్దమ్మ