బంకమట్టిలో కంపోస్టు కలిపితే నేల బలపడుతుందా?

షెడ్డు వేయబోయే చోటా, దాని పక్కనున్న మట్టికట్ట వాలు మీదా కంపోస్టు కలపవచ్చా అని అడిగారు. కట్ట మీద తప్పకుండా వాడండి. షెడ్డు కింద మాత్రం గుప్పెడు కూడా వద్దు.

మట్టి పరీక్షలు నా వృత్తి. ఒకే బంకమట్టిని విడిగా ఒకసారి, కంపోస్టు కలిపి ఒకసారి ప్రోక్టర్ పరీక్షకు (దిమ్మిసతో కొట్టి, ఎంత తేమ దగ్గర మట్టి బాగా అణుగుతుందో చూసే పరీక్ష) పెడితే, కలిపినదాని గరిష్ఠ పొడి సాంద్రత (తేమ బరువు తీసేసి లెక్కించేది) తగ్గుతుంది, దిమ్మిసకు కావలసిన తేమ పెరుగుతుంది. ఇది నేను పదేపదే చూసినదే. ఖనిజ రేణువుల సాపేక్ష సాంద్రత 2.65 దరిదాపుల్లో ఉంటుంది, సేంద్రియ పదార్థానిది అందులో దాదాపు సగమే. పైగా అది నీటిని పట్టి ఉంచుతుంది, దిమ్మిస దెబ్బకు అణిగి మళ్లీ కొంత పైకి లేస్తుంది. అసలు ప్రమాదం ఆ తర్వాత మొదలవుతుంది. కంపోస్టు నేలలోనూ చివుకుతూనే ఉంటుంది. అది తరిగిన మేరకు నేల కుంగుతుంది, అదీ అన్నిచోట్లా ఒకేలా కాదు. గోడలు బీటలు వారేది అందుకే. సిమెంటు కలిపి సరిచేద్దామన్నా, కంపోస్టు చివికినప్పుడు ఏర్పడే హ్యూమిక్ ఆమ్లాలు సిమెంటు గట్టిపడకుండా అడ్డుపడతాయి.

వాలు సంగతి పూర్తిగా వేరు. అక్కడ నేల మోయవలసిన బరువు లేదు, వాన చినుకు దెబ్బను తట్టుకుంటే చాలు. 2.5 నుంచి 5 సెంటీమీటర్ల మందాన కంపోస్టు పరిస్తే చినుకు నేరుగా మట్టిని తాకదు, నీరు పరుగెత్తకుండా ఇంకుతుంది, గడ్డి వేళ్లు త్వరగా పట్టుకుంటాయి. ఎండకు తేమ ఒక్కసారిగా ఆరిపోదు కనుక నెర్రెలు కూడా తగ్గుతాయి. ఉబ్బే బంకమట్టికి ఇది చిన్న మేలు కాదు. అయితే లోతుగా దున్ని కలపకండి. వదులైన మట్టి నీరు తాగి బరువెక్కితే వాలే జారవచ్చు. నిలువున ఒక మీటరుకు అడ్డంగా రెండు మీటర్లకన్నా తక్కువ ఉన్న వాలు మీదా, నీరు పాయగా పారే చోటా పరిచిన కంపోస్టు నిలవదు.

బాగా మాగినదే తీసుకోండి. కుప్ప లోపల వేడి తగ్గిపోయి, ఘాటైన అమ్మోనియా వాసన లేకుండా ఉండాలి. పచ్చిది వేస్తే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాక్కుని గడ్డిని ఎదగనివ్వవు.

షెడ్డు పనికి ముందు అక్కడి పైమట్టిని వేళ్లతో సహా ఎలాగూ తీసేయాలి. దాన్ని పారబోయకుండా పక్కన పోసి ఉంచండి. ముందు దాన్ని వాలు మీద పలుచగా సర్ది, ఆపైన కంపోస్టు పరిచి గడ్డి విత్తనాలు చల్లండి. ఇదంతా పెద్ద వానలకు ముందే జరగాలి.