ఎంత వ్యాక్స్ పెట్టినా నల్ల కారు అద్దంలా మెరవడం లేదు, ఎందుకు?

లోపం వ్యాక్స్‌ది కాదు, దాని కింద ఉన్న గీతలది. హనుమకొండ నుంచి కరీంనగర్ దారిలో గ్రానైట్ లారీల వెనక తిరిగే బండి మీద పడేది ఉత్త దుమ్ము కాదు, రాతిపొడి కూడా. పొద్దున్నే దాన్ని పొడిబట్టతో తుడిచారంటే క్లియర్ కోట్ (రంగు పైనుండే పారదర్శక పూత) మీద సాలెగూడులా సన్నని గీతలు పడతాయి. వెలుతురు వాటికి తగిలి చెదిరిపోతుంది, నలుపు కాస్తా వెలిసినట్టు కనిపిస్తుంది.

ముందు నీళ్లు ధారగా పోసి దుమ్ము దించి, షాంపూతో కడగండి. చేతికి ఇంకా గరుకు తగిలితే క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద) రుద్దండి. ఆ తర్వాత గీతల్ని అరగదీసే పాలిష్. అసలు మెరుపు వచ్చేది ఇక్కడే. అయితే క్లియర్ కోట్ మందం సాధారణంగా 40–50 మైక్రాన్లే, పాలిష్ పట్టిన ప్రతిసారీ కొంత అరుగుతుంది. అందుకే మాటిమాటికీ వద్దు. చివర్లో పలుచగా వ్యాక్స్. ఇదంతా నీడలోనే చేయండి. బోరు నీళ్లయితే ఆరకముందే మైక్రోఫైబర్ బట్టతో అద్దేయండి, లేకుంటే తెల్లటి మరకలు మిగులుతాయి.