పీహెచ్‌డీకి ఇద్దరు గైడ్లు ఉంటే మంచిదేనా?

గైడుతో పాటు కో-గైడును కూడా పెట్టుకోమంటున్నారు, ఒప్పుకోవచ్చా అని అడిగారు. ఒప్పుకోండి. కానీ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించకుండా మాత్రం పని మొదలుపెట్టకండి.

మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల పక్కనున్న వరిచేలలో ఉప్పు ఎంత చేరుతోందో చూడటం నా పరిశోధన. గైడు నేలల శాస్త్రం మాస్టారు, కో-గైడు ఆక్వా మేడంగారు. దాళ్వా (రెండో కారు వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు కదా, మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేలోగా మట్టి తీయాలి. తడిస్తే ఉప్పు కొంత కొట్టుకుపోతుంది.

మట్టిని నీటితో ముద్దగా కలిపి, అందులోంచి లాగిన ద్రావణంలోనే విద్యుత్ వాహకత (ఉప్పు ఎక్కువైతే ఇదీ పెరుగుతుంది) కొలవాలని మాస్టారు పట్టుబట్టారు. మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే ఉప్పు నేల అనే హద్దు ఆ పద్ధతికే వర్తిస్తుంది. ఒక పాలు మట్టికి రెండున్నర పాళ్ల నీరు చాలు, నా పాత లెక్కలన్నీ అలాగే ఉన్నాయి అని మేడంగారు. అలా కొలిస్తే అదే మట్టికి అంకె తక్కువ వస్తుంది. ముద్దకైతే మట్టి ఎక్కువ కావాలి. సంచులు ఎన్ని, ఎంత పెద్దవి అన్నది తేలలేదు. 3 వారాలు ఆయన మాట ఆవిడకు, ఆవిడ మాట ఆయనకు మోశాను.

చివరికి చేనికి వెళ్లేసరికి గట్టు మీద రైతు నిలబడి ఉన్నాడు. "రాత్రే నీళ్లు వచ్చేశాయమ్మా" అన్నాడు. బోదె లోంచి ఎర్రనీరు నెర్రెల్లోకి దిగుతుంటే నేల బుడగలు కక్కుతోంది. నా ఏడాది ఆ నెర్రెల్లోనే పోయింది.

ప్రొఫెసరు 8 మందిని, అసోసియేట్ 6గురిని, అసిస్టెంట్ 4గురిని తీసుకోవచ్చన్న యూజీసీ 2022 లెక్క అందరికీ కంఠతా వచ్చు. ఇద్దరు గైడ్లకు మాట కుదరకపోతే ఎవరిది చెల్లుతుందో మా విభాగంలో ఒక్కరూ చెప్పలేకపోయారు. పైగా ప్రతి ప్రగతి నివేదిక మీద రెండు సంతకాల కోసం రెండు ఊళ్లకు బస్సులు ఎక్కాలి. విద్యార్థి సమయానికి ఖరీదు లేదా?

మరుసటి ఏప్రిల్‌లో ఇద్దరినీ బతిమాలి అదే గట్టు మీదికి తీసుకెళ్లాను. మాస్టారు మట్టిగడ్డ నలిపి చూశారు, మేడంగారు చెరువు ఊట ఎటు దిగుతోందో చూపించారు. అరగంటలో తేలిపోయింది: అన్ని మడులకూ ముద్ద పద్ధతి, చెరువును ఆనుకున్న మడులకు రెండూ. అక్కడికక్కడే నా నోటుపుస్తకంలో రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టించుకున్నాను. ఆ సాయంత్రానికి 12 సంచులు నిండాయి.