మనవడికి నీళ్ల గురించి ఒక ఉత్తరం

చిరంజీవి మనవడికి చిన్నతాత ఆశీస్సులు.

ఇంగ్లండ్‌లో ఉద్యోగం వదిలి హాంకాంగ్‌లోని మన ఊరు లాయ్ చీ వో వచ్చి, మన మెట్ల మడులు మళ్లీ సాగు చేస్తానని, కొండ మీద వల కట్టి పొగమంచు నుంచి నీళ్లు పడతానని రాశావు. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదువుకున్నానో! ఒక్క మాట మాత్రం కలవరపెట్టింది. హాంకాంగ్‌లో ఏటా 2400 మిల్లీమీటర్ల వాన పడుతుంది కాబట్టి నీళ్లకు లోటు ఉండదన్నావు. అందులో నూటికి 80 వంతులు మే నుంచి సెప్టెంబరు లోపే కురిసిపోతుంది, నాయనా. డిసెంబరు, జనవరి రెండూ కలిపినా సగటున 60 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే.

1963లో ఏడాది మొత్తం మీద 901 మిల్లీమీటర్లే పడింది. పట్నంలో నాలుగు రోజులకొకసారి, నాలుగు గంటలే కొళాయి వచ్చేది. నేను అప్పుడు పసివాణ్ణి. బియ్యం కడిగిన నీళ్లతోనే మా అమ్మ నా కాళ్లూ చేతులూ కడిగి, ఆ నీళ్లనే ఆవకూర పాదుకు పోసేది. అందుకే నీ మాటకు అంత ఉలిక్కిపడ్డాను.

మనం హక్కా జనం. హక్కా అంటేనే అతిథి కుటుంబమని అర్థం. మనవాళ్లు ఈ ప్రాంతానికి వచ్చేసరికి మంచి మాగాణి అంతా ముందున్నవారి చేతుల్లో ఉంది. మనకు కొండవాలు దక్కింది. వాలు మీద నీరు నిలవదు కనుక గట్లు కట్టి మడులు చేశారు. నువ్వు ముందు చేయవలసిన పని గట్లు చూడటం. ఎండ్రకాయల బొరియలు బంకమట్టితో గట్టిగా కూరు. పై మడి నిండాకే కింది మడికి మడవ విప్పు.

తరువాత చూరు నుంచి జారే వాననీళ్లు తొట్టిలో పట్టడం. 40 చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే లెక్కకు వెయ్యి లీటర్లు. పెంకు పీల్చుకున్నదీ చిందినదీ పోను 800 చేతికి వస్తాయి. మొదటి జల్లు తొట్టిలోకి పోనివ్వకు, అందులో పిట్టల రెట్టలు, ఆకుల కుళ్లు ఉంటాయి. తొట్టి మూతికి దోమతెర బిగించు. ఈ మాట తేలిగ్గా తీసుకోవద్దు, డెంగీ ఇక్కడా ఉంది. ఈ నీళ్లు మొక్కలకే, తాగడానికి వద్దు.

ఇక నువ్వు ఎంతో ఆశపడుతున్న పొగమంచు. మార్చి, ఏప్రిల్ నెలల్లో వెచ్చని తేమగాలి చల్లటి తీరజలాల మీదుగా వచ్చి మంచుగా దిగుతుంది. అలాంటి ఉదయం ఊరి వెనుక అడవిలోకి వెళ్లి చూడు. బయట నేల పొడిగా ఉంటే, చెట్ల కింద ఆకుల నుంచి చినుకులు రాలుతూ ఉంటాయి. పెద్దలు ఫెంగ్ షుయ్ అడవి, అంటే ఊరికి శుభం చేసే అడవి అని దాని మీద కత్తి పడనివ్వలేదు. నువ్వు కట్టబోయే వల కన్నా పాత వల అది. నీడ కోసమైనా, దారి కోసమైనా అందులో ఒక్క కొమ్మ కొట్టకు.

వల కట్టేది శిఖరం మీద, గాలికి అడ్డంగా. వల కింది అంచు నేలకు రెండు మీటర్ల ఎత్తున ఉండాలి. షేడ్‌నెట్ రెండు పొరలు చాలు. కింద చీల్చిన వెదురు దోనె ఒకవైపు కాస్త వాలుగా పెట్టు. చిలీలోని చుంగుంగో ఊరివాళ్లు చదరపు మీటరుకు రోజుకు సగటున మూడు లీటర్లు పట్టారు. అది మంచు విడవని ఎడారి కొండ. మనకు అది కొన్ని రోజుల ముచ్చటే. కాబట్టి మడులకు దాన్ని నమ్ముకోకు, నారుమడికి వాడుకో. ఏప్రిల్ మొదట్లో, పెద్దల సమాధులు శుభ్రం చేసే చింగ్ మింగ్ పండుగ నాటికి నారుకు తడి కావాలి, వానలు ఇంకా అందుకోవు. సరిగ్గా ఆ సందులో వస్తుంది మంచు. అందుకే నీ ఆలోచన నాకు నచ్చింది.

మే నెలాఖరుకల్లా వల విప్పి, కడిగి, అటక మీద పెట్టు. తుఫాను గాలికి వలతోపాటు గుంజలూ లేచిపోతాయి.

వెదురు గడలు ఇప్పుడే కొట్టించి నీడన ఆరబెడుతున్నాను. వచ్చేటప్పుడు వల తెచ్చుకుంటే చాలు.

మీ చిన్నతాత