స్టెతస్కోప్ పెట్టకముందే తప్పుతున్న బీపీ

ప్రశ్న: మాది హిందూపురం. బెంగళూరులో బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. వార్డులో ఒక పెద్దాయనకు నేను బీపీ చూస్తే 155/95 వచ్చింది. కాసేపటికి సిస్టర్ చూస్తే 138/86. శబ్దం నాకు బాగానే వినిపించింది. మరి తప్పెక్కడ?
– ఒక విద్యార్థిని, బెంగళూరు

జవాబు: చెవుల మీద అనుమానం వద్దమ్మా. ఇలాంటి తేడాలు చాలావరకు స్టెతస్కోప్ పెట్టకముందే వచ్చేస్తాయి.

మొదట కఫ్ (చేతికి చుట్టే పట్టీ) చూడండి. లోపలి రబ్బరు సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో 40 శాతం, పొడవు 80 శాతం ఉండాలి. వార్డులో ఉన్న ఒక్క కఫ్‌నే అందరికీ చుట్టేస్తారు, గొడవంతా అక్కడే. లావుచేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది. సన్నచేతికి పెద్దది కడితే ఉన్న బీపీ దాక్కుంటుంది. చొక్కా మీద కట్టకండి. కఫ్ కింది అంచు మోచేతి మడతకు రెండు మూడు సెంటీమీటర్ల పైన ఉండాలి.

తర్వాత మనిషి. కాఫీ తాగి అరగంట దాటాలి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, వీపుకు ఆనుడు ఉండాలి. చెయ్యి గుండె మట్టానికి రావాలి. పది సెంటీమీటర్లు కిందికి వేలాడితే రీడింగ్ ఏడెనిమిది మి.మీ. (బీపీని కొలిచే పాదరసం మిల్లీమీటర్లు) పెరుగుతుంది. కఫ్ బిగిస్తూ కన్నడంలో ‘ఊట ఆయ్తా?’ (భోజనమైందా?) అని పలకరించడం మర్యాదే గానీ, జవాబు చెబుతుంటేనే బీపీ పెరుగుతుంది. పలకరింపులు ముందే ముగించి ‘మాతాడబేడి, కై సడిల బిడి’ (మాట్లాడకండి, చెయ్యి వదులుగా ఉంచండి) అనండి. కాలు మీద కాలున్నా తీయించండి.

ఇప్పుడు గాలి. మణికట్టు నాడి మీద వేళ్లుంచి బల్బు నొక్కండి. నాడి ఏ అంకె దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకుని గాలంతా వదిలేయండి. ఒక నిమిషం ఆగి, ఈసారి ఆ అంకెకు 30 పైకి ఎక్కించండి. చాలామంది ఈ మెట్టు ఎగ్గొడతారు. బీపీ ఎక్కువున్న కొందరిలో శబ్దం మధ్యలో మాయమై మళ్లీ వస్తుంది. ఉదాహరణకు 184 దగ్గర మొదలై, 164 దగ్గర ఆగి, 148 దగ్గర తిరిగి వినిపిస్తుందనుకోండి. మీరు అందాజుగా 160 వరకే ఎక్కిస్తే 148 అని రాసేస్తారు. నాడి పట్టుకుంటే ఈ మోసం ఉండదు.

వాల్వు తిప్పడం సెకనుకు 2–3 మి.మీ. చొప్పున దిగేలా ఉండాలి. గబుక్కున వదిలితే మొదటి టక్కు జారిపోయి పై అంకె తగ్గుతుంది, కింది అంకె పెరుగుతుంది. మొదటి టక్కు పై అంకె, శబ్దం పూర్తిగా ఆగిన చోటు కింది అంకె. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ వర్ణించిన శబ్దాలే ఇవి.

అన్నట్టు, మీ 155/95 మీదే నాకు ఎక్కువ అనుమానం. డయల్ మీద గీతలు 2 మి.మీ. చొప్పున ఉంటాయి, అంటే సరిసంఖ్యలే. ‘155 ఎక్కడ కనిపించింది?’ అని ఎగ్జామినర్ అడిగితే ఏం చెబుతారు? గీత మీద ఉన్నదే రాయండి.

డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని, సిరను కలిపిన చోటు) ఉన్న చేతికి మాత్రం కఫ్ కట్టనే కట్టకూడదు.

ప్రశ్న: మంచంలోనే ఉన్న రోగి తుంటి దగ్గర చర్మం ఎర్రబడింది. కొబ్బరినూనెతో మర్దన చేయొచ్చా?
– మారతహళ్లి పాఠకురాలు

జవాబు: వద్దు. ఒత్తిడికి నలిగిన చోటును రుద్దితే లోపలి కణజాలం ఇంకా దెబ్బతింటుంది. వేలితో నొక్కి తీయండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే పుండు ఇంకా మొదలుకానట్టే. నొక్కినా ఎరుపు పోలేదంటే మొదటి దశ పుండు, వెంటనే సిస్టర్‌కు చెప్పండి. రెండు గంటలకోసారి పక్క మార్చండి. పూర్తిగా తుంటి మీద కాకుండా, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలుగా పడుకోబెట్టండి. లాగి జరపకండి, దుప్పటి పట్టుకుని ఇద్దరు ఎత్తండి. నడుం కింద గాలి రింగు పెట్టే అలవాటుంటే మానేయండి. రింగు అంచు నొక్కుకుని మధ్యలో రక్తం ఆడదు.