విమానాన్ని నేల మీద నిలబెట్టు

తమ్ముడూ,

నీ హైజాక్ స్క్రిప్ట్ చదివాను. ముసలాయన బాత్రూముకి వెళ్తానని అడిగితే తుపాకీ పట్టుకున్న కుర్రాడు ఏం చెప్పాలో తోచక నాయకుడి వైపు చూస్తాడే, ఆ సీను బాగుంది, దాన్ని మార్చకు. మిగతాది చదువుతుంటే ఒళ్లు మండింది.

35,000 అడుగుల ఎత్తున ఒక్క తూటా రంధ్రంలోంచి విలన్ బయటికి కొట్టుకుపోవడమేమిటి? క్యాబిన్‌లోకి ఇంజిన్ల నుంచి గాలి వస్తూనే ఉంటుంది, తోక వైపు వాల్వు గుండా పోతూనే ఉంటుంది. వేలు దూరేంత రంధ్రం పడితే ఆ వాల్వు కాస్త మూసుకుని సర్దుకుంటుంది. కిటికీ మొత్తం ఊడితే అది వేరు: క్షణంలో పొగమంచు కమ్ముతుంది, చలి కొరుకుతుంది, మాస్కులు జారిపడతాయి. మాస్కు పెట్టుకోనివాడికి ఆ ఎత్తులో తెలివి ఉండేది 30 నుంచి 60 సెకన్లు. నీ హీరో అప్పుడు పేజీన్నర డైలాగు చెబుతున్నాడు. తలుపు తెరిచే సీనూ కొట్టెయ్. లోపలి గాలి ఒత్తిడి దాన్ని టన్నుల బరువుతో బిగించి ఉంచుతుంది, ఎవరు లాగినా రాదు.

ఫైటు సంగతి. చిన్న విమానంలో సీట్ల మధ్య దారి ఇరవై అంగుళాలు. అందులో గాల్లో తిరిగి తన్నడం కుదరదు. అడుగు వెడల్పు ట్రాలీ అడ్డం పెడితే దారి మూసుకుపోతుంది, ఫైటు అక్కడ రాయి. కెమెరా కోసం సెట్లో దారి వెడల్పు చేస్తామంటారు, ఒప్పుకోకు. ఆ ఇరుకు పోతే భయమూ పోతుంది.

ఇంకోటి. నీ కథ ఇప్పటిది. 2001 సెప్టెంబరు తర్వాత కాక్‌పిట్ తలుపులు తూటా దూరకుండా బలపరిచారు, లోపలి నుంచే తాళం. నీ విలన్ ఒక్క తన్నుతో తెరిచేశాడు. పైలట్ రేడియోలో అరవక్కర్లేదు, రాడార్‌కి విమానం గుర్తు పంపే ట్రాన్స్‌పాండర్‌లో 7500 అని హైజాక్ కోడ్ నాలుగు అంకెలు తిప్పితే ఏటీసీకి, అంటే నేల మీద విమానాల రాకపోకలు చూసేవాళ్లకి, తెలిసిపోతుంది. కథను తొంభైల్లోకి జరుపు, సగం తిప్పలు తీరతాయి.

అసలు మాటకొస్తా. నిర్మాతలంతా పాడే పాట ఒకటే: విమానం గాల్లోనే ఉండాలి, ఇంటర్వెల్‌కి ఎలివేషన్ పడాలి. ఆ ఎలివేషన్ల పిచ్చే ఈ తరహా సినిమాలను తినేసింది. హైజాక్‌లో ఊపిరి బిగపట్టించేది ట్యాంకులో తరిగే ఇంధనం, నేల మీద గడిచే నిమిషాలు.

1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి ఢిల్లీ బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఐసీ 814 చూడు. లాహోర్ పోవాలని హైజాకర్లు పట్టుబట్టారు. ఇంధనం చాలదని చెప్పి కెప్టెన్ దేవీ శరణ్ అమృత్‌సర్‌లో దింపాడు. ముప్పావు గంటకు పైగా విమానం మన నేల మీదే ఉంది. ఇంధనం ఎక్కలేదు, కమాండోలు సమయానికి చేరలేదు. హైజాకర్లకు అనుమానం వచ్చి అలాగే లేపించారు. లాహోర్ వాళ్లు మొదట రన్‌వే దీపాలు ఆర్పేశారు. చీకట్లో రోడ్డును రన్‌వే అనుకుని దాని మీద దిగబోయి కెప్టెన్ ఆఖరి క్షణంలో పైకి లేపాడు. అమృత్‌సర్‌లోని ఆ ముప్పావు గంటలో ఒక్క తూటా లేకుండా నీ మొదటి సగమంతా ఉంది. ఢిల్లీలో ఫోన్ల మధ్య జారిపోయే నిర్ణయం ఒక పక్క, కాక్‌పిట్‌లో కిందికి దిగే ఇంధనం ముల్లు ఒక పక్క.

1986లో కరాచీలో హైజాక్ అయిన అమెరికా విమానం పాన్ యామ్ 73 అయితే అసలు గాల్లోకే లేవలేదు. సిబ్బంది హెచ్చరించగానే పైలట్లు కాక్‌పిట్ పైకప్పు ద్వారం గుండా దిగిపోయారు. నీరజా భానోత్, తోటి సిబ్బంది గంటల తరబడి నెట్టుకొచ్చారు. రాత్రికి కరెంటు ఆగి దీపాలు ఆరిపోయాయి, ఆ చీకట్లోనే కాల్పులు మొదలయ్యాయి. క్లైమాక్స్‌కి అంతకంటే ఏం కావాలి?

పాటల గురించి, టైటిల్ గురించి అడిగావు, తర్వాత చూద్దాం. ముందు ఇరవయ్యో సీను నుంచి తిరగరాయి. ప్రతి సీను నెత్తిన గంట ఎంతయిందో, ట్యాంకులో ఇంకెంత దూరానికి ఇంధనం ఉందో రాసి పంపు.

— మీ అన్న