కార్బన్ క్రెడిట్ల డిప్లొమాకు మూడు లక్షలు పెట్టవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీటెక్ కెమికల్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. కార్బన్ క్రెడిట్లపై ఏడాది డిప్లొమాకు ఒక ప్రైవేటు సంస్థ మూడు లక్షలు అడుగుతోంది. నెలాఖరులోగా అడ్వాన్సు కట్టాలట. అందులో చేర్చాలా, గేట్ రాయించి ఎంటెక్ చదివించాలా? దేనికి జీతం ఎక్కువ?

జవాబు: ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. కార్బన్ క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలను (గాలిలోకి వదిలే వాయువులను) తగ్గించినందుకు ఇచ్చే, కొని అమ్ముకోదగిన పత్రం. సంపన్న దేశాలు ఉద్గారాలు తగ్గించుకోవాలన్న క్యోటో ఒప్పందం 2005లో అమల్లోకి వచ్చిన తర్వాత కూడా తల్లిదండ్రులు ఇలాగే అడిగేవారు. అంతకు ముందే, 2003లో, ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ మహిళలు డీజిల్‌కు బదులు వాడదగిన కానుగ నూనె లెక్కన 147 టన్నుల ఉద్గారాల తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మారు. ఆ తర్వాత, మనలాంటి దేశాల ప్రాజెక్టులు తమ క్రెడిట్లను సంపన్న దేశాలకు అమ్ముకునేందుకు క్యోటో ఒప్పందం కల్పించిన స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగం (సీడీఎం) కింద గాలిమరలు, ఊకతో నడిచే విద్యుత్ కేంద్రాలు వరుసగా నమోదయ్యాయి. అయితే 2008లో టన్నుకు ఇరవై యూరోలు దాటిన క్రెడిట్ ధర 2012 చివరికి ఒక్క యూరో కూడా పలకలేదు. మాంద్యంతో, ఈ క్రెడిట్లు కొనే ఐరోపా పరిశ్రమలకు వాటి అవసరం తగ్గింది, క్రెడిట్లు వెల్లువెత్తాయి, పైగా 2012 తర్వాత నమోదైన ప్రాజెక్టుల్లో అత్యంత వెనుకబడిన దేశాలవి తప్ప తీసుకోబోమని ఐరోపా సమాఖ్య నిబంధన పెట్టింది. నేనెరిగిన పిల్లల్లో ప్రాజెక్టు పత్రాలు నింపడం మాత్రమే నేర్చినవారు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. బాయిలర్ సామర్థ్యం లెక్కగట్టగలిగినవారు ఎనర్జీ ఆడిట్‌లో (ఫ్యాక్టరీల ఇంధన వాడకాన్ని, వృథాను లెక్కగట్టే పనిలో) స్థిరపడ్డారు.

ఈసారి పునాది కొంత గట్టిదే. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, 2023లో మన ప్రభుత్వం సొంత క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని ప్రకటించింది. సిమెంటు, అల్యూమినియం వంటి పరిశ్రమలు టన్ను ఉత్పత్తికి విధించిన ఉద్గార పరిమితిని దాటితే క్రెడిట్లు కొనుక్కోవాలి. అయినా ఈ సరుకు మీద నా అనుమానం పోలేదు. ప్రాజెక్టుకిచ్చే క్రెడిట్, అది లేకపోయి ఉంటే ఎంత పొగ వచ్చేదన్న ఊహ మీద నిలబడుతుంది. క్రెడిట్ సొమ్ము లేకపోయినా ఎలాగూ కట్టి ఉండే గాలిమరకు క్రెడిట్ ఇస్తే వాతావరణానికి ఒరిగేదేమీ లేదు. ఆ ఊహను నిగ్గుతేల్చే ఓపిక లేని కోర్సు సర్టిఫికెట్ ఇస్తుందే తప్ప విద్య ఇవ్వదు.

మీరు జీతమెంతని అడిగారు గానీ పని ఏమిటని అడగలేదు. 'చేర్చాలా', 'రాయించాలా' అన్నారు గానీ, ఇంజినీరింగ్ పూర్తిచేయబోతున్న అమ్మాయి ఏమనుకుంటోందో ఒక్క వాక్యం కూడా రాయలేదు. వెనుకబడిపోతామేమోనన్న మీ భయాన్ని ఆమె చదువు మీద రుద్దకండి.

నిజానికి భయపడవలసినదేమీ లేదు. ఉద్గారాల లెక్కకు మూలం మాస్ బ్యాలెన్స్, అంటే లోపలికి వెళ్లిన పదార్థాన్ని బయటికి వచ్చినదానితో సరిచూసే లెక్క. అది ఆమెకు ఇప్పటికే వచ్చు. సీడీఎం ప్రాజెక్టుల పత్రాలు, లెక్కింపు పద్ధతులు ఐక్యరాజ్యసమితి వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. సెలవుల్లో పది చదివితే తనకు ఈ పని నచ్చుతుందో లేదో తేలిపోతుంది. నచ్చితే ఇంధన సంబంధమైన ఎంటెక్ గానీ, ఫ్యాక్టరీలో రెండు మూడేళ్ల అనుభవం గానీ మార్కెట్ పడిపోయినా పనికొస్తాయి. డిప్లొమాకు ఆ భరోసా లేదు.

అడ్వాన్సు మాత్రం ఇప్పుడే కట్టకండి. నిరుడు చదివినవారు ఇప్పుడు ఏ ఫ్యాక్టరీలో, ఏ పని చేస్తున్నారో ఆ సంస్థను అడగండి. ఆ ఫోను మీరు కాదు, అమ్మాయి చేయాలి.